గ్యారేజ్‌లో బార్లీ జావ

మా గ్యారేజ్‌లో కారు తప్ప అన్నీ ఉండేవి. తీగ తెగిన గిటారు, బట్టలారేసుకునే ట్రెడ్‌మిల్, మబ్బులు తప్ప మరేమీ చూపించని టెలిస్కోపు. మేముండే బాతెల్ ఊళ్లో ఏడాదికి ఎనిమిది నెలలు వానే కాబట్టి ఆ చివరిదాని తప్పేం లేదు. మా ఆవిడ ఉజ్వల కారు మాత్రం బయట తడుస్తూ ఉండేది.

నేను ఇంట్లో బ్రెడ్ చేయడం మొదలెట్టి, మూడో వారానికి మానేసిన రోజున ఆవిడ తీర్పు చెప్పేసింది.

"ఫణీ, ఇదే ఆఖరు. ఇంకొక్క కొత్త హాబీ ఈ ఇంట్లో కాలు పెట్టిందంటే గ్యారేజ్ నాది. నీ సామానంతా డొనేషన్‌కి, నా కారు లోపలికి."

"నా మీద అంత నమ్మకం లేదా?"

"నమ్మకం ఉండబట్టే చెప్తున్నా."

గ్యారేజ్ అంటే నాకు ప్రాణం. ఇంట్లో నేను పెట్టిన వస్తువు పెట్టిన చోటే కనబడేది అక్కడొక్కచోటే. అందుకని నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ఆఫీసులో నా పక్క సీటు శశికాంత్‌ది. మా ఆఫీసులో ఏటా ఇంట్లో చేసిన బీరుకి పోటీ పెడతారు. కిందటేడు గెలిచిన నీలం రిబ్బన్‌ని వాడు మానిటర్‌కి తగిలించుకుని, రోజూ నాకేసి తిప్పి పెడతాడు.

"ఏం భయ్, ఈసారన్న ట్రై చేస్తవా? నీతోని కాదులే" అన్నాడు ఓ రోజు.

"ఐదు వారాలాగు. ఆ రిబ్బన్ నా మానిటర్ మీద ఉంటుంది" అనేశాను. పదిమంది విన్నారు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

ఆ రాత్రే వీడియోలు చూసి జ్ఞానం సంపాదించాను. యంత్రాలేమీ అక్కర్లేదు. జల్లెడలాంటి సన్నటి నేత ఉన్న ఒక పెద్ద గుడ్డసంచి చాలు. దాన్ని వేడినీళ్ల గిన్నెలోకి దించి, దంచిన బార్లీ పోసి, గంటసేపు నానబెట్టి పైకెత్తేస్తే తియ్యటి రసం కింద మిగులుతుంది. ఆ రసాన్ని హాప్స్ అనే చేదుమొగ్గలతో కాచి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే బీరు. ఇంతోటి దానికా శశికాంత్ గాడి బడాయి అనుకుని, వెంటనే సంచి ఆర్డర్ చేశాను.

పార్సిల్ వచ్చే వేళకి నేను మీటింగ్‌లో ఉన్నాను. బయటికొచ్చి చూస్తే ఉజ్వల రెండు చేతులా సంచి పట్టుకుని నిలబడింది. అందులో మా ఎనిమిదేళ్ల ఇషిత మెడదాకా దూరి ఉంది.

"ఏంటిది?"

"నీకోసమే. పనీర్ వడకట్టుకోడానికి" అన్నాను తడుముకోకుండా.

"ఇందులో ఐదు గ్యాలన్ల పాలు పడతాయి. ఎవరి పెళ్ళి?"

"పెద్దదైతే పనికొస్తుందని..."

"పదమూడేళ్లలో అడక్కుండా కొన్న మొదటి వస్తువు" అని నవ్వి, సంచి మడిచి వంటింటి సొరుగులో పెట్టేసింది. ఆ నవ్వు చూసి నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం పొద్దున ఉజ్వల ఇషితని డాన్స్ క్లాస్‌కి తీసుకెళ్లింది. మూడు గంటల దాకా రారు. నేను సొరుగులోంచి సంచి, అటక మీంచి మా అత్తగారు తెచ్చిన పులిహోర గుండిగ దించి, గ్యారేజ్‌లో ఎలక్ట్రిక్ స్టవ్ మీద నీళ్లు పెట్టాను. బార్లీ పోశాను. గంట గడిచింది. అంతా వీడియోలో ఉన్నట్టే జరిగింది, సంచి పైకెత్తేదాకా.

నానిన బార్లీ ఎంత బరువుంటుందో వీడియోలో ఎవరూ చెప్పలేదు. రెండు నిమిషాలు ఎత్తి పట్టుకునేసరికి నడుం కలుక్కుమంది. అది కారడం పూర్తవాలంటే అరగంట పడుతుంది. అటూ ఇటూ చూసి, గ్యారేజ్ తలుపుని పైకి లాగే ఇనపకడ్డీకి సంచిని తాడుతో కట్టేశాను. సరిగ్గా గుండిగ మీదకి వచ్చింది. ఇంజనీరింగ్ చదివినందుకు ఆ రోజే మొదటిసారి గర్వపడ్డాను.

సరిగ్గా అప్పుడే గర్ర్‌మని తలుపు లేవడం మొదలైంది. వానకి తడవకుండా ఉజ్వల కారులోంచే రిమోట్ నొక్కింది.

తలుపు పైకి వస్తుంటే కడ్డీ వెనక్కి కదిలింది. కడ్డీతో పాటు సంచీ బయల్దేరింది. గిటారు మీద నాలుగు చుక్కలు, ట్రెడ్‌మిల్ మీద ఓ ధార, టెలిస్కోపు గొట్టం నిండా రసం పోసుకుంటూ, ఊరేగింపులో ఉత్సవ విగ్రహంలా గ్యారేజ్ ఆ చివరిదాకా వెళ్లి ఆగింది. దాన్ని ఆపుదామని పట్టుకుని నేనూ వెళ్లాను.

"డాడీ, వాట్ ఆర్ యూ డూయింగ్?" అంది ఇషిత.

"క్లాస్ లేదా?" అన్నాను.

"టీచర్‌కి ఒంట్లో బాలేదు" అంది ఉజ్వల, గుండిగలోకి తొంగిచూస్తూ. "ఏంటిదంతా?"

"బార్లీ జావ. ఒంటికి మంచిదని."

"ఇంత జావా?"

"శశికాంత్ వాళ్లకి కూడా."

"ఆ పచ్చ గుళికలేంటి?"

అవి గుళికలుగా చేసి అమ్మే చేదుమొగ్గలు. "వేప గుళికలు. షుగర్ రాకుండా" అన్నాను.

ఉజ్వల గరిటెతో ఓ చుక్క తీసి నాలిక మీద వేసుకుంది. "తీపి తప్ప ఏమీ లేదు, చప్పగా ఏడ్చింది. ఉత్త బార్లీ ఇలా తాగితే వాతం చేస్తుంది" అంటూ లోపలికెళ్లింది. గంట తర్వాత తిరిగొచ్చేటప్పటికి రసం గుళికలతో మరుగుతోంది, ఆవిడ చేతిలో పళ్లెం. దంచిన ధనియాలు, కాసిని మిరియాలు, శొంఠి ముక్క, పల్చగా చెక్కిన నారింజ తొక్క. గుండిగకి అడ్డంగా నిలబడ్డాను.

"వద్దు ఉజ్జీ, ప్లీజ్!"

"ఏం, జావలో ధనియాలు వేస్తే ఏమవుతుంది?"

ఏమని చెప్పను? జావ అన్నది నేనే. నా కళ్లముందే అవన్నీ మరుగుతున్న నా బీరులో పడ్డాయి. గ్యారేజ్ అంతా మిరియాల చారు వాసన. ఇంకోసారి చేద్దామంటే పోటీకి సరిగ్గా నాలుగు వారాలే ఉంది, బీరు తయారవడానికీ అన్నే కావాలి. ఏడుపు దిగమింగుకుని, చల్లార్చి బకెట్‌లో పోసి, ఈస్ట్ కలిపి, దాన్ని ట్రెడ్‌మిల్ వెనకాల దాచాను. మర్నాడు జావ ఏదంటే, పంచేశానన్నాను.

పోటీ రోజు సీసాల పెట్టె భుజాన పెట్టుకుని వెళ్లేసరికి, హాల్లో మొదటి వరసలో ఉజ్వల కూర్చుని ఉంది.

"ఫ్యామిలీలు కూడా రావచ్చట కదా. శశికాంత్ వాళ్ల ఆవిడ చెప్పింది" అంది తాపీగా.

పారిపోదామంటే అప్పటికే జడ్జి నా సీసా మూత తీసేశాడు. ఓ గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంకో గుక్క తాగాడు. పక్కన ఇద్దరు జడ్జీల్ని పిలిచాడు. వాళ్లూ తాగి గుసగుసలాడుకున్నారు. నేను మనసులో గ్యారేజ్‌కి వీడ్కోలు చెప్పేసుకున్నాను.

"ఫస్ట్ ప్రైజ్, ఫణి!" అని మైకులో వినబడింది. శశికాంత్ నోరు తెరుచుకునే ఉండిపోయింది. నేను గాల్లో తేలుతూ స్టేజి ఎక్కాను.

"ఈ మసాలా కొలత ఎలా కుదిరింది మీకు?" అని జడ్జి మైకు నా మూతి దగ్గర పెట్టాడు.

నాకు కొలత తెలిస్తే కదా. "అంటే... ధనియాలు... కొంచెం..." అని నీళ్లు నమిలాను.

"నాలుగు చెంచాల ధనియాలు, పన్నెండు మిరియాలు, అంగుళం శొంఠి, రెండు నారింజల తొక్క. ఆఖరి పది నిమిషాల్లో వేయాలి" అని మొదటి వరసలోంచి ఉజ్వల ఇంగ్లీషులో గడగడా చెప్పింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. రిబ్బన్ నా చేతిలోంచి ఆవిడ చేతిలోకి ఎప్పుడు వెళ్లిందో నాకే తెలీదు.

కారెక్కాక అడిగాను. "నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు సంచి ఆర్డర్ చేసిన నిమిషానికి. ఆ అకౌంట్ నా ఈమెయిల్ మీద ఉంది ఫణీ. నీ రెసిపీ వెతికి చూశాను, చప్పగా అనిపించింది. బెల్జియం వాళ్లు బీరులో ధనియాలూ నారింజ తొక్కా వేస్తారట. మిరియాలు, శొంఠి మాత్రం మా అమ్మవి."

"మరి డాన్స్ టీచర్?"

"ఆవిడకి ఒంట్లో బాలేదని శుక్రవారమే మెసేజ్ వచ్చింది. కాసేపు కాఫీ తాగి వచ్చాం."

ఓడిపోయి ఇంత సంతోషపడటం నా జన్మలో అదే మొదలు. సిగ్గేసింది, నిజమే. కానీ నా పెళ్లాం వంద మంది ముందు శశికాంత్ రిబ్బన్ ఎగరేసుకుపోయిందన్న గర్వం ముందు ఆ సిగ్గు నిలబడలేదు.

ఇప్పుడు మా గ్యారేజ్‌లో కారుంది. దాని అద్దానికి నీలం రిబ్బన్ వేలాడుతోంది. గిటారూ, ట్రెడ్‌మిల్, టెలిస్కోపూ డొనేషన్‌కి పోయాయి. సంచి ఒక్కటే మిగిలింది. వచ్చే ఏడు పోటీకి ఉజ్వల వంటింట్లో రెసిపీ రాస్తోంది, బార్లీ దంచే డ్యూటీ నాది.

నిన్న శశికాంత్ ఫోన్ చేశాడు. "ఏం చేస్తున్నవ్ భయ్?"

ఉజ్వల వైపు చూశాను. తల అడ్డంగా ఊపింది.

"ఏం లేదురా" అన్నాను. "బార్లీ జావ."