సీతయ్యకు పొద్దున్నే వచ్చే ఫోను

ఆ రోజు ముత్తక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు జొన్నరొట్టెలు కాల్చి, ఒకటి మొగుడికి పెట్టి, ఒకటి మూటగట్టుకుని, మిరపకాయలు ఏరే కూలీల ఆటో వెళ్ళిపోకముందే రోడ్డెక్కాలి. చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న ఆ ఊళ్ళో ఆటో ఎవరి కోసమూ ఆగదు, నిండితే కదులుతుంది. అందుకే సీతయ్య స్నానానికి పోగానే దండెం మీది చొక్కా జేబులో ఫోను మోగితే, మేస్త్రీ పిలుస్తున్నాడేమోనని ఆమే ఎత్తింది.

"సీతయ్య గారూ, నమస్తే. పొద్దుటి గోలి వేసుకున్నారా?" అన్నది ఒక ఆడగొంతు.

ముత్తక్క చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె మొగుడి పేరు నోటితో పలికి ఎరగదు. ఓటరు కార్డు వాళ్ళు అడిగితే కూడా పక్కింటి రూప్లిని పిలిచి ఆమెతో చెప్పించింది. అలాంటి పేరును ఎవరో ఒకామె, పొద్దున్నే, బెల్లం నోట్లో పెట్టుకున్నట్టు పలుకుతున్నది. పైగా గోలి సంగతి కూడా ఆమెకు తెలుసు. అంటే ఆయన ఇంటి విషయాలన్నీ చెప్పుకున్నాడన్నమాట.

"ఎవలవు నువ్వు?" అన్నది ముత్తక్క.

"వేసుకుంటే ఒకటి నొక్కండి."

"ఏ ఊరు నీది? ఆయనతోని నీకేం పని?"

"వేసుకోకపోతే రెండు నొక్కండి. తల తిరుగుతుంటే మూడు నొక్కండి."

ముత్తక్క తనకు తెలిసిన తిట్లలో పెద్దవి ఏరి వరసగా తిట్టింది. అవతలామె కొంచెం కూడా తొణకలేదు. అన్నీ విన్నట్టే విని, మళ్ళీ మొదటి నుంచి "సీతయ్య గారూ, నమస్తే" అన్నది. ఇన్ని తిట్లకు కూడా కోపం తెచ్చుకోలేదంటే ఈమె ఇట్లాంటి సంసారాలు ఎన్ని కూల్చి వచ్చిందో అనుకున్నది ముత్తక్క. ఆ రోజు ఆటో ఆమె లేకుండానే వెళ్ళిపోయింది.

జరిగింది ఇదీ. పోయిన వానాకాలం సీతయ్యకు నోరు కొంచెం వంకరపోయింది. ఖమ్మం తీసుకుపోతే నయమైంది కానీ, బీపీ గోలి ఒక్క పూట కూడా మానకూడదని, మానితే ఈసారి మంచానికే అంటుకుపోతాడని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. కొన్నాళ్ళు మింగి, ఒళ్ళు బాగానే ఉందిగదా అని మానేయడం ఆ చుట్టుపక్కల మగవాళ్ళందరి అలవాటు. పక్కూరి సర్కారు దవాఖానాలో నర్సు సుబ్బరత్నానికి ఈ అలవాటంటే ఒళ్ళు మంట. సత్తుపల్లి వైపు మనిషి, ఎవరినీ ఊరికే నమ్మే రకం కాదు. తనకిచ్చిన ట్యాబులో ఒక్కొక్క రోగి పేరూ పలికి తన గొంతు రికార్డు చేసి పెట్టింది. పొద్దున్నే అందరికీ ఫోన్లు వాటంతట అవే పోతాయి. గోలి వేసుకున్నానని నొక్కినవాడి పేరు పక్కన ఆకుపచ్చ చుక్క, ఉలుకూ పలుకూ లేనివాడికి ఎర్రచుక్క. గోలి పెరట్లో పారేసి ఒకటి నొక్కే ఘనులు ఉంటారని ఆమె ఆకుపచ్చ చుక్కల్ని కూడా అనుమానంగానే చూసేది.

సీతయ్య మాత్రం నర్సమ్మ స్వయంగా తనకే ఫోన్ చేస్తున్నదని నమ్మాడు. అంత నౌకరీ ఉన్న మనిషి అన్ని పనులూ పక్కన పెట్టి తనను అడగడం అతనికి చాలా గొప్పగా ఉండేది. ఫోను పట్టుకుని మేకల కొట్టం వెనక్కి పోయి, "నీ ముంగటనే ఏసుకుంటున్న నర్సమ్మా" అని గోలి మింగేవాడు. మేక ఈనిన సంగతి, మోకాళ్ళ సంగతి, రాత్రి కూర సంగతి చెప్పి, నవ్వి, అప్పుడు ఒకటి నొక్కేవాడు. ఇంట్లో చెబితే ఎగతాళి చేస్తారని చెప్పలేదు. కొట్టం వెనక ఆ నవ్వులను ముత్తక్క ఇన్నాళ్ళూ మేకల బేరం అనుకున్నది.

ఛార్జింగు ఎక్కడం లేదని మొగుడితో చెప్పి, ఆమె ఫోనును చండ్రుగొండలో ఉబేద్ దుకాణానికి తీసుకుపోయింది. ఉబేద్ ఫోన్లు బాగుచేస్తాడు, అడగకపోయినా సలహాలు కూడా ఇస్తాడు. ఆ నంబరుకు తిరిగి చేసి చూశాడు. కలవలేదు.

"ఇది మనిషి నంబరు కాదక్కా," అన్నాడు.

"మనిషి కాకుంటే దయ్యమా?"

"దయ్యమైతే నయమే. ఇది మోసం. పేరు పెట్టి పిలుస్తరు, ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటరు. నొక్కినవా, బ్యాంకుల ఉన్నదంత ఊడ్సుకపోతరు."

"మాకు బ్యాంకుల ఏమున్నదని, భాయ్?"

ఉబేద్ గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. "గదే నాకూ సమజ్ అయితలేదు. ఏం లేకున్నా రోజూ చేస్తున్నదంటే మాత్రం డౌటే."

ముత్తక్కకు ఉన్న అనుమానానికి ఒక చదువుకున్నవాడి అనుమానం కూడా తోడైంది. ఆ నంబరు మళ్ళీ రాకుండా చెయ్యమంటే ఉబేద్ క్షణంలో చేసి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున సీతయ్య చేతిలో గోలి, చెంబుతో నీళ్ళు పెట్టుకుని కొట్టం వెనక కూర్చున్నాడు. ఫోను మోగలేదు. ఎండ వాకిట్లోకి వచ్చింది, మేకలు మేతకు పోయాయి, అయినా మోగలేదు. అతనికి అప్పుడు గుర్తొచ్చింది. మొన్న కూరలో ఉప్పు ఎక్కువైనా నాలుక చప్పరిస్తూ తిన్నానని చెప్పాడు. బీపీ ఉన్నవాడు ఉప్పు తింటే నర్సమ్మకు కోపం రాదా? ఆమె అడగకుండా మింగితే మింగినట్టు సాక్ష్యం ఎవరు? గోలిని జాగ్రత్తగా మళ్ళీ చీటీలో చుట్టి పెట్టాడు. ఆ తర్వాతి రోజూ అంతే, ఆ మరునాడూ అంతే.

మనిషి అన్నం దగ్గర కూర్చోవడం మానేశాడు. ఫోను వంక చూస్తాడు, నిట్టూరుస్తాడు, మేకపిల్లను కూడా పలకరించడు. ముత్తక్కకు ఇంక ఏ సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. పొయ్యి ముందు కూర్చుని నిజంగానే ఏడ్చింది. నోరు వంకరపోయిన నాడు ఖమ్మంలో వరండా గచ్చు మీద చీర పరుచుకుని పడుకున్నది తను, ఇప్పుడు బెంగ మాత్రం ఇంకొకరి మీద.

దవాఖానాలో సుబ్బరత్నం సీతయ్య పేరు పక్కన వరసగా పడుతున్న ఎర్రచుక్కలు చూసి, ఈసారి సొంత ఫోనుతో చేసింది. ముత్తక్క ఎత్తింది.

"సీతయ్య గారి ఇల్లేనా?"

అదే గొంతు. "వచ్చినవా," అన్నది ముత్తక్క. "ఆ నంబరు బందయితే ఇంకోటి పట్టినవా?"

"నేను సుబ్బరత్నాన్నమ్మా. ఆయన గోలీలు వేసుకుంటున్నాడా లేదా అని."

"ఆయన గోలీలు నేను సూసుకుంట. ఇంకోపారి ఆయన జోలికి వస్తే మంచిగుండదు." ఫోను కట్టయింది.

సుబ్బరత్నం ఫోను బల్ల మీద పెట్టింది. తర్వాత ఆ ఊరి సంగతులన్నీ తెలిసిన ఆశా కార్యకర్త భవానిని పిలిచింది.

"ఆ పెద్దాయనకు ఆస్తి ఏమన్నా ఉందా?"

"రెండు మేకలున్నయి మేడం."

"అంతేనా?"

"ఒకటి మొన్ననే ఈనింది."

పెళ్ళామే గోలీలు దాస్తున్నదని సుబ్బరత్నానికి ఖాయమైపోయింది. బీపీ మిషను, ట్యాబు సంచీలో పడేసి, భవానిని స్కూటీ వెనక ఎక్కించుకుని బయల్దేరింది.

సరిగ్గా అప్పుడే సీతయ్య పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్లచొక్కా తీసి వేసుకున్నాడు. స్వయంగా పోయి నర్సమ్మను క్షమాపణ అడగాలని నిర్ణయించుకున్నాడు.

"ఏడికి?" అన్నది ముత్తక్క.

"దవాఖానకు."

"ఒంట్ల బాగలేదా?"

"బాగనే ఉన్న."

బాగున్నవాడు తలకు నూనె రాసుకుని, తెల్లచొక్కా తొడుక్కుని దవాఖానాకు ఎందుకు పోతాడు? ముత్తక్క ఖాళీ మిరపగంప నెత్తిన పెట్టుకుని, ముఖం కనబడకుండా, కొంచెం దూరంగా వెంట నడిచింది. రోడ్డు మీద సీతయ్య ఆటో కోసం ఎండలో నిలబడ్డాడు. ఆమె కల్వర్టు వెనక నక్కింది. గోలి లేని రోజులన్నీ అప్పుడే లెక్క అడిగినట్టున్నాయి, అతనికి రోడ్డు గిరగిరా తిరగడం మొదలైంది.

స్కూటీ వచ్చి ఆగింది. "సీతయ్య గారూ," అన్నది సుబ్బరత్నం.

"నర్సమ్మా, ఉప్పు తగ్గించిన," అని అతను ముందుకు తూలాడు. సుబ్బరత్నం ఎదురుపోయి ఒడిసిపట్టుకుంది. ఇద్దరూ రోడ్డు పక్కన కూలబడ్డారు.

కల్వర్టు వెనక నుంచి ముత్తక్క లేచేసరికి మొగుడి తల ఆ గొంతుగలామె ఒడిలో ఉంది. ఆమె అతని జబ్బకు ఏదో పట్టీ బిగించి కడుతున్నది.

"వదులు ఆయనను," అంటూ గంప పారేసి పరుగెత్తింది ముత్తక్క.

"కాళ్ళు పట్టుకో, నీడకు తీసుకుపోదాం," అన్నది సుబ్బరత్నం తల కూడా ఎత్తకుండా. ఆ మాటలో ఏముందో కానీ ముత్తక్క మారు మాట్లాడకుండా కాళ్ళు పట్టుకుంది. భవాని 108కి ఫోన్ చేసింది. మిషనులో అంకె చూసి నర్సు ముఖం మారడం గమనించాక ముత్తక్కకు మిగతా అనుమానాలన్నీ ఎటో పోయి ఒక్క భయం మిగిలింది. సుబ్బరత్నం ట్యాబు తెరిచి ఖమ్మంలో ఉన్న డాక్టరును తెర మీదికి రప్పించింది. డాక్టరు రెండు చేతులూ ఎత్తమన్నాడు. సీతయ్య మెల్లగా ఎత్తాడు.

"ఒకసారి నవ్వమనండి," అన్నాడు డాక్టరు. "నోరు వంకరపోయిందేమో చూడాలి."

సీతయ్యకు నవ్వు రాలేదు. పెదవులు వణికాయి తప్ప కదలలేదు. సుబ్బరత్నం అడిగింది, భవాని అడిగింది, లాభం లేదు. ముత్తక్క అతని పక్కన కూలబడి, రెండు చెంపలూ చేతుల్లోకి తీసుకుంది.

"నవ్వయ్యా," అన్నది. "కొట్టం ఎన్క ఆమెతోని మాట్లాడుకుంట నవ్వెటోనివి గద. గట్ల నవ్వు. ఆమెకోసమే నవ్వు, నేనేమనను."

ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారి అతని తెల్లచొక్కా మీద పడుతున్నాయి. సీతయ్య ఆమెను చూసి, ఎందుకేడుస్తున్నదో తెలియక, ఓదార్చడానికన్నట్టు నవ్వాడు. పళ్ళు తక్కువైనా నవ్వు తిన్నగా ఉంది. డాక్టరు ఊపిరి పీల్చుకుని, దవాఖానాకు తీసుకుపోయి గోలి వేయించి ఒక రోజు అక్కడే ఉంచమన్నాడు.

సాయంత్రానికి బీపీ దిగింది. అప్పుడు సుబ్బరత్నం మంచం పక్కన ముత్తక్కను కూర్చోబెట్టి, తన నోరు గట్టిగా మూసుకుని, ట్యాబులో ఒకచోట నొక్కింది. "సీతయ్య గారూ, నమస్తే. పొద్దుటి గోలి వేసుకున్నారా?" అన్నది ట్యాబు.

ముత్తక్క నర్సు పెదవుల వంక, ట్యాబు వంక మార్చి మార్చి చూసింది. "ఇది మిషనా?"

"అవును."

"మిషన్‌నా నేను గన్ని తిట్లు తిట్టిన?"

"అది ఏమీ వినదమ్మా. చెప్తది, అంతే."

ఈ మాటకు ముత్తక్క తేలికపడింది కానీ మంచం మీద సీతయ్య మెల్లగా లేచి కూర్చున్నాడు. "మరి నేను మేక ఈనిన సంగతి సెప్పింది ఎవలిన్నరు?"

సుబ్బరత్నం ట్యాబు మూసి సంచీలో పెట్టింది. సీతయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "అయితే ఇంక ఏసుకోను. మిషన్ కోసం ఎవలు ఏసుకుంటరు?"

"ఏసుకోవా?" ముత్తక్క లేచి నిలబడింది. "నువ్వు మంచాన పడితే నేనెవల మొఖం సూడాలె? లే. ముందు మింగు, ఎన్క మాట్లాడు."

సీతయ్య లేచి సాయంత్రం గోలి మింగాడు. పక్క మంచం మీద ఎవరో పెద్దమనిషి కూడా దిండు కింద నుంచి తన గోలి తీసి మింగాడు. సుబ్బరత్నం అది చూసింది.

మరునాడు పొద్దున ఆమె ట్యాబు ముత్తక్క నోటి ముందు పెట్టింది. "నిన్న అన్నది మళ్ళీ అను. ముందు ఆయన పేరు చెప్పు."

"పానం పోయినా సెప్ప."

"మరి ఏమని పిలుస్తావు?"

"ఏమయ్యా అంట. ఇంకేమంట?"

అలాగే కానిమ్మన్నది సుబ్బరత్నం. "ఏమయ్యా, నిన్నే," అని మొదలుపెట్టి ముత్తక్క నిన్నటిదంతా ఇంకాస్త బలంగా అప్పజెప్పింది. అందులో ఎవరి పేరూ లేదు కాబట్టి నర్సుకు పెద్ద శ్రమ తప్పింది. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి రికార్డు చెయ్యకుండా, అదే గొంతును రోగులందరికీ పెట్టేసింది. ఎర్రచుక్కలు ఒక్కటొక్కటే మాయమయ్యాయి. ఎన్నడూ ఫోను ఎత్తని మొండివాళ్ళు కూడా మొదటి మాటకే గోలి మింగి ఒకటి నొక్కసాగారు. సుబ్బరత్నం జీవితంలో మొదటిసారి ఆకుపచ్చ చుక్కల్ని నమ్మింది.

వారం తిరక్కముందే ముత్తక్క ఇంటి ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి నలుగురు ఆడవాళ్ళు దిగారు. ముందున్నామె అవతలి తండా జమ్లి. ఫోనులో ఆ గొంతు రికార్డు చేసుకుని ఉబేద్ దుకాణానికి పోయి వినిపిస్తే, ఎవరిదో అతను ఇట్టే గుర్తుపట్టి ఇంటి గుర్తులు కూడా చెప్పి పంపాడట.

"పొద్దుగాల మా ఆయనను ఏమయ్యా అని పిలిసేది నువ్వేనా?" అన్నది జమ్లి, కొంగు నడుముకు దోపుతూ. "ఆయన మంచాన పడితే నువ్వెవల మొఖం సూడాలెనంట. ఆయన మొఖంతోని నీకేం పని?"

"అది మిషనమ్మా," అన్నది ముత్తక్క.

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నమ్మలేదు. ముత్తక్క గబగబా లోపలికి పోయి, సీతయ్యను చెయ్యి పట్టి వాకిట్లోకి లాక్కొచ్చింది. "జర నువ్వన్న సెప్పయ్యా, నేను గసొంటిదాన్ని కాదని."

సీతయ్య జమ్లిని చూశాడు, ఆమె వెనక ముగ్గురినీ చూశాడు, గోలి వేళయిందని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.