జోక్యం చేసుకోకూడదు

ఆ ఉదయం అమ్మాయి పథకం చాలా చిన్నది. వంటింటి గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చోవాలి, జరిగేది చూడాలి, వ్యాసం రాయాలి. డిగ్రీలో మానవశాస్త్రం చదివే పిల్లలకు మాస్టారిచ్చిన పని అది. "చూడండి, వినండి. వేలు మాత్రం పెట్టకండి," అని ఆయన మరీ మరీ చెప్పారు.

చూడదగ్గ విషయమే దొరికింది. ఏళ్ల తరబడి మాటల్లేని తల్లీ, మేనత్తా ఈమధ్యే కలిశారు. చుట్టపుచూపుగా వచ్చిన అత్త ఇప్పుడు తల్లితో ఒకే పొయ్యి దగ్గర నవ్వుతోంది.

అత్త బంగారు గాజు తీసి కిటికీలో పెట్టి, అటు తిరిగి పిండి కలుపుతోంది. తల్లి స్నానానికి వెళ్లింది. మంచినీళ్లకొచ్చిన తండ్రి, ఎక్కడ పోతుందోనని గాజును చొక్కా జేబులో వేసుకుని, ఆ సంగతే మరిచి ఆఫీసుకు పోయాడు. అమ్మాయి అంతా చూసింది.

"ఇక్కడ పెట్టిన గాజేదీ?" చేతులు కడుక్కుని అత్త అడిగింది.

"నేను చూడలేదు వదినా. ఎక్కడ పెట్టారో ఏమో," అంది అప్పుడే వచ్చిన తల్లి.

"కాళ్లొచ్చి నడిచిపోయిందా?"

"అంటే నేను తీశాననా?"

"నేనన్నానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది!"

నాలుక చివరికొచ్చిన మాటను అమ్మాయి మింగేసింది.

"ఏమే ప్రొఫెసరమ్మా, ఇక్కడే ఉన్నావుగా, చెప్పు!"

"నేను లేననుకో అత్తా."

"చూశావా, తల్లిని కాపాడుతోంది!"

తల్లి కూతురి వైపు తిరిగింది. "నీక్కూడా నేను దొంగలాగే కనబడుతున్నానా?"

ఆపైన గాజు పక్కకు పోయి, ఎప్పుడో ఒక పెళ్లిలో పెట్టిన నాసిరకం చీర ముందుకొచ్చింది. చీర వెనక పెద్దల పెంపకాలొచ్చాయి. పిండి ఎండిపోయింది. అత్త సంచీ సర్దుకుని ఆటో ఎక్కింది.

ఆటో మలుపు తిరిగాక, పరిశీలన ముగిసిందనుకుని అమ్మాయి నోరు విప్పింది. "నాన్న జేబులో ఉందమ్మా."

తల్లి గుమ్మంలోంచి పీట దగ్గరికొచ్చింది. "ఇంతసేపూ ఏం చేస్తున్నావే?"

"చూస్తున్నా."

సాయంత్రం తండ్రి గాజు పట్టుకుని పరుగెత్తాడు. అక్కగారు గాజు పుచ్చుకుని, తమ్ముడికి మంచినీళ్లయినా ఇవ్వకుండా తలుపేసుకుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

మాస్టారు వ్యాసం చదివి కళ్లద్దాలు తీశారు. "అంతా ఉంది. ఆ పీట మీదున్నది ఎవరు?"

"పరిశీలకురాలండీ."

"ఆ ఇంటివాళ్లకేమీ కాదా?"

"వేలు పెట్టొద్దన్నారు కదండీ."

"వేలు పెట్టొద్దన్నాను గానీ, కొంప అంటుకుంటుంటే నీళ్లు పోయొద్దన్నానా తల్లీ?"

వ్యాసం తిరగరాసుకోవడానికి ఆయన వారం గడువిచ్చారు. మేనత్త దగ్గర అలాంటి పద్ధతేమీ లేదు.