మూడో బస్తాలో బేటరీలు

మా ఇంట్లో ఉన్న ఆకుపచ్చ డ్రిల్లు మిషనుకు ఒకటే లోపం. అది పనిచేస్తుంది.

నాలుగేళ్ల క్రితం కొన్నాను. వైరుండదు, బేటరీతో తిరుగుతుంది. గోడకు పెడితే గోడలోకి, చెక్కకు పెడితే చెక్కలోకి మారుమాట లేకుండా దిగిపోతుంది. ఒకసారి పక్కింటి హాల్లోకి కూడా దిగింది. ఇంత ఆరోగ్యంగా ఉన్న మిషను ఇంట్లో ఉండగా ఇంకోటి కొనడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

స్క్రూల కోసమని పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో దుర్గాప్రసాద్ కొట్టుకు వెళ్లడం నాదే తప్పు. స్నేహితుడు కదా, స్క్రూలు ఇవ్వకుండా ఎర్ర కంపెనీ డ్రిల్లు చేతిలో పెట్టాడు. "ఊరికే పట్టుకో బావా, కొనమన్నానేటి?" అన్నాడు. పట్టుకున్నాను. పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టుంది. మళ్లీ దించబుద్ధి కాలేదు. స్క్రూలు అక్కడే మర్చిపోయి వచ్చాను.

ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర మెల్లగా కదిపాను. ఆవిడ పేరు ఝాన్సీలక్ష్మి. పేరుకు తగ్గ మనిషి. నా పేరు మన్మథరావు. ఆ పేరుకూ నాకూ ఏ సంబంధమూ లేదు. టెక్కలిలో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని.

"మనం ఎర్ర కంపెనీకి మారిపోదామనుకుంటన్నాను" అన్నాను.

"ఉన్నది ఆడతన్నాది కదా?"

"ఆడతన్నాది గానీ, పాత మోడలు."

"పాత మోడలనీసి మార్సీడం మొదలెడితే, ఈ ఇంట్లో ముందు మారీది మిషను కాదు" అని నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, చారుకు పోపు పెట్టుకుంది.

అంటే ఆకుపచ్చది చావాలి. చంపడానికి నాకు మనసొప్పలేదు. చచ్చిపోయినట్టు చూపిస్తే చాలనుకున్నాను. దానికి రెండు బేటరీలున్నాయి, అవి లేకపోతే అది ఉత్త ప్లాస్టిక్కు. ఆ మోడలు బేటరీలు ఇప్పుడు ఎక్కడా దొరకవు. ఒక కంపెనీ బేటరీ ఇంకో కంపెనీ మిషనుకు ఎక్కదు. కాబట్టి ఆ రెండింటినీ దాచేస్తే, ఎర్ర డ్రిల్లు దానంతటదే ఇంటికి నడిచొస్తుంది.

దాచడం ఎక్కడ? ఝాన్సీ చెయ్యి పడని చోటు మా ఇంట్లో లేదు. నా ఆఫీసు బేగు కూడా రోజూ ఆవిడే సర్దుతుంది. ఇల్లంతా వెతగ్గా వెతగ్గా, వెనక గదిలో జీడిపిక్కల బస్తాలు కనిపించాయి.

ఆ బస్తాల గురించి ఒక్క మాట చెప్పాలి. ఉద్దానంలో ఆవిడకు పుట్టింటివాళ్లిచ్చిన జీడితోట ఉంది. ఏటా పిక్కలు ఏరించి, ఎండబెట్టించి, రాయీ మట్టీ లేకుండా తనే బస్తాలకెత్తి, తనే కుట్టి, పలాసలో నారాయణమూర్తి గోదాముకు పంపుతుంది. అందరి బస్తాలూ తూకం దగ్గరే విప్పి కుమ్మరించుకుని చూసే నారాయణమూర్తి, ఇరవయ్యేళ్లుగా ఈవిడ బస్తా మాత్రం విప్పడు. ఈ సంగతి ఆవిడకు ఒంటి మీద బంగారం కంటే ఎక్కువ. ఏ పెళ్లిలో కూర్చున్నా మాట తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

శనివారం ఆవిడ స్నానానికి వెళ్లగానే మూడో బస్తా మూతి విప్పి, బేటరీలు రెండూ పిక్కల్లోకి లోతుగా తోసి, దబ్బనంతో మళ్లీ కుట్టేశాను. రేటు పెరిగేదాకా బస్తాలు కదలవని ఆవిడే అంది. ఎర్రది ఇంటికొచ్చాక తీరిగ్గా తీసుకోవచ్చు. ముప్పై ఏళ్లుగా ఫైళ్లు కుట్టిన చెయ్యి, కుట్టు మహా చక్కగా కుదిరింది.

ఇంకో గంటాగి విషాదవార్త వినిపించాను.

"ఝాన్సీ, డ్రిల్లు పోయింది. బేటరీలు రెండూ సచ్చిపోనాయి. ఇంట్లో ఉంటే పేల్తాయని పారేసీసినాను."

"రెండూ ఒక్కరోజే పోనాయేటి?"

"ఒక్కరోజే కొన్నాం మరి."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "అయ్యో పాపం" అంది. "అయితే రేపెల్లి ఆ ఎర్రదేదో తెచ్చీసుకోండి."

పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఇంత తేలిగ్గా ఆవిడ దేనికీ ఒప్పుకోలేదు. అప్పుడే అనుమానించాల్సింది. నేను ఆనందపడ్డాను.

ఆదివారం పొద్దున్నే స్కూటరు మీద బయల్దేరాను. నందిగాంలో ఆగి టిఫిను తిని మళ్లీ రోడ్డెక్కుతుంటే వెనకనుంచి బస్తాలేసుకున్న వేన్ ఒకటి హారన్ కొట్టింది. మర్యాదగా పక్కకు జరిగి దారిచ్చాను. డ్రైవరు నూకయ్య చెయ్యూపాడు. నేనూ ఊపాను. ఎర్ర డ్రిల్లు కొని, డిక్కీలో పెట్టుకుని, పాట పాడుకుంటూ ఇంటికొచ్చేసరికి వెనక గది ఖాళీగా ఉంది.

"బస్తాలేవి?"

"నారాయణమూర్తన్న వేన్ అంపించాడు. మీరిలాగెల్లారు, అదలాగొచ్చింది. ఏటి, అలగైపోనారు? ఎండదెబ్బేటి?"

"దుర్గాప్రసాద్ కొట్లో స్క్రూలు మర్చిపోనాను" అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

"బేగి రండి. సేపల పులుసు సల్లారిపోతాది."

మళ్లీ పలాస. గోదాము ముందు కళ్లంలో నారాయణమూర్తి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద నా బేటరీలు రెండూ, పక్కన ఆయన ఫోనూ. చుట్టూ పనిలోకొచ్చిన ఆడవాళ్లు పన్నెండు మంది.

"రా బావా, నీకోసమే సూత్తన్నాను. ఇయ్యేటో సెప్పు."

"బేటరీల్లాగున్నాయి."

"సెల్లెమ్మ బస్తాలోవి. కళ్లంలో కుమ్మరిత్తే పడ్డాయి."

ఆడవాళ్లందరికీ పెద్ద వరహాలమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఓలమ్మోలమ్మ! బరువుకని రాళ్లెట్టీవోలని సూసినాం, ఇసకెట్టీవోలని సూసినాం. బేటరీలెట్టడం ఇదే సూడ్డం."

"సదువుకున్నోలు కదేటే" అంది పక్కనున్నావిడ.

నారాయణమూర్తి తల దించుకున్నాడు. "ఇరవయ్యేల్లు ఆ అమ్మ బస్తా ఇప్పనేదు బావా. రేపట్నుంచి అందరితోపాటే ఇప్పించీసి సూసుకుంటాను. ఇంకేటి సేత్తాను?"

నూకయ్య అక్కడే వేన్‌కు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. దారిలో ఇతనే పెట్టాడేమో అనేద్దామా అని ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. నూకయ్య నన్ను చూసి మళ్లీ చెయ్యూపాడు. నా బతుక్కి సిగ్గేసింది. ఒక డ్రిల్లు కోసం ఆవిడ ఇరవయ్యేళ్ల పేరు ఈ కళ్లంలో పారబోశాను.

"ఆవిడికేటీ తెలీదు బావా. నేనే పెట్టాను" అన్నాను.

"తూకానికా?"

"కాదు. కొత్త డ్రిల్లు కొనుక్కోడానికి."

"బస్తాలో బేటరీలెడితే కొత్త డ్రిల్లెలాగొస్తాది బాబూ?" అని వరహాలమ్మ నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

చెప్పాను. ఆకుపచ్చ దగ్గర్నుంచి ఎర్రదాకా, చారు పోపుతో సహా మొత్తం చెప్పాను. చెప్పేకొద్దీ నాకే తెలుస్తోంది, ఇంతకంటే తూకంలో మోసం చేశానంటేనే గౌరవంగా ఉండేదని.

అంతా అయ్యాక బల్ల మీది ఫోన్ మాట్లాడింది.

"కొంచెం గట్టిగా సెప్పండి. ఎనకున్నోలకి ఇనబడనట్టుంది."

ఝాన్సీ. నేను రాకముందునుంచీ ఆవిడ ఫోన్‌లోనే ఉందట, అదీ స్పీకరులో.

"నిన్న సాయంత్రమే సూసినాను" అంది ఫోన్. "గోనెబస్తాకి ఫైలు ముడేసీవోడు టెక్కలి మొత్తమ్మీద మరొకడుంటాడేటి? బేటరీలు తీసి నూకయ్య సేతికిచ్చి అంపించాను. నా బస్తాలో పిక్కలు తప్ప ఏటీ ఎల్లదు."

"ఏటీ అనుకోకు బావా" అన్నాడు నారాయణమూర్తి. "సెల్లెమ్మ మాట కాదన్లేను."

"నీ పేరు పోయిందని నిజంగా బయపడ్డాను ఝాన్సీ" అన్నాను.

"నూకయ్య మీదకి తోసేత్తారేమో అనుకున్నాను. తొయ్యనేదు. అందుకే ఎర్రది ఉంచీసుకోండి" అంది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలాంటి భార్య ఎవరికి దొరుకుతుంది చెప్పండి! అక్కడితో ఫోన్ పెట్టేసి ఉంటే బాగుండేది.

"వరహాలమ్మొదినా" అంది ఝాన్సీ, "మీ ఇంట్లో గోడకి అలమరు బిగించాలన్నావు కదా?"

"అవునమ్మా. మా కోడలు గదిలో కూడా ఒకటి."

"మా ఇంట్లోనమ్మా!" "మాకు ఉయ్యాల కొక్కేలు!" అని పన్నెండు మందీ ఫోన్ చుట్టూ మూగారు.

"తొందరేటీ నేదు, వరసలో రాయించుకోండి. ఆదివారాలు ఆయనకి కాళీయే."

నేను ఫోన్ మీదికి వంగాను. "ఝాన్సీ, బేటరీ మిషను అలగ రోజంతా ఆడదు. మధ్యలో గంటేసి సార్జింగెట్టాలి."

"అందుకే కదండీ, ఇప్పుడు రెండు మిషన్లున్నాయి."

ఇది ఆరో ఆదివారం. ఇంకా ఏడిళ్లున్నాయి, వరహాలమ్మ చుట్టాలు కలవడం వల్ల. ఆకుపచ్చది చార్జింగులో ఉంటే ఎర్రదానితో, ఎర్రది చార్జింగులో ఉంటే ఆకుపచ్చదానితో కన్నాలు వేస్తున్నాను. రెండు కంపెనీలూ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. చార్జింగు పెట్టేవాళ్లు లేనిది నాకొక్కడికే.