కర్రోడికి మత్తుమందు పెట్టిందెవరు?

తాండూరు నుంచి వికారాబాద్ దాకా రైలు పట్టాలకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో డిటెక్టివ్ నర్సప్ప చేతికి చిక్కని నేరం లేదు. ఆయన కన్ను పడితే సాక్ష్యం తనంతట తాను లేచి నిలబడుతుంది. ఆయన ముక్కు పెడితే ముద్దాయి మూడు ఊళ్ల అవతల తుమ్ముతాడు. ఇప్పటికి నూట ముప్పై కేసులు తేల్చాడు.

నూట ముప్పై మరీ ఎక్కువ అనుకునేవాళ్ల కోసం కొంచెం తగ్గిస్తాను. ఒకటి. పెళ్లి పందిట్లో ఓ పెద్దమనిషి చెప్పులు పోతే నర్సప్ప మూడు రోజులు పరిశోధించాడు. చివరికి ఆ చెప్పులు నర్సప్ప కాళ్లకే దొరికాయి. నేరస్తుడు తప్పించుకోలేదు కదా, మనం చూడాల్సింది అది.

తాండూరులో బండలకు పాలిష్ పెట్టే చోట ముప్పై ఏళ్లు గేటు కాడ నిలబడి, లారీల కింద తొంగి చూసి సంపాదించిన తెలివి ఆయనది. ఆ తెలివిని ఊరూరా మోసే పని మాత్రం బిచ్చయ్యది. తాండూరు, బషీరాబాద్ మధ్య షేరింగ్ ఆటో నడుపుతాడు బిచ్చయ్య. నర్సప్పకు స్నేహితుడు కావడం తప్ప వేరే పాపం ఎరగడు.

ఓ మంగళవారం పొద్దున బషీరాబాద్ దారిలో హన్మమ్మ ఆ ఆటోకు అడ్డం నిలబడింది. ఆమె, ఆమె భర్త అంజిలయ్య గొర్లు కాస్తారు.

"నర్సప్పన్నా, మా కర్రోనికి ఎవరో మత్తు పెట్టిన్రు. గొర్ల దొంగలే అయి ఉంటరు."

కర్రోడంటే మంద కాచే నల్ల కుక్క. నిన్న మొన్నటిదాకా తోడేలునైనా తరిమేవాడు. దగ్గర్లో కంకర క్వారీ పెట్టి రోజూ మధ్యాహ్నం రెండింటికి బండలు పేల్చడం మొదలయ్యాక, చప్పుడు వినబడితే చాలు, వణుక్కుంటూ ఇంట్లో మంచం కిందికి దూరుతున్నాడు. అది మత్తేనని హన్మమ్మ అనుమానం. పోయిన వారం అదే సమయంలో వీధి కుక్కలు పడి ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోయాయి. అంజిలయ్య తేల్చి చెప్పేశాడు. ఆదివారం ధారూర్ నుంచి బామ్మర్ది మల్లేశ్వర్ వస్తాడు, కర్రోణ్ణి తోలుకుపోతాడు, మందకు వేరే కుక్కను తెచ్చుకోవాలి. వికారాబాద్‌లో డిగ్రీ చదివే కూతురు స్నేహలత ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం ముట్టడం లేదు. కళ్లు తెరవని పిల్లప్పుడు కర్రోడికి చెంచాతో పాలు పట్టింది ఆమే.

నర్సప్ప దొడ్డి దగ్గర దిగి, కుక్క మెడకు కట్టి ఉన్న పసుపు గుడ్డను వాసన చూశాడు. కళ్లు మూసుకున్నాడు.

"క్లోరోఫారం."

"పూల వాసన కదనే," అన్నాడు బిచ్చయ్య.

"మనకు డౌటు రావద్దని పూల వాసన కలిపిన్రు. పక్క రాష్ట్రం గ్యాంగు. ఆడమనిషి గూడ ఉన్నది."

"నువ్వు ఎన్నడన్న క్లోరోఫారం వాసన చూసినవా?"

"చూస్తే గిట్ల నిలబడి ఉంటనా?"

వెనకాల స్నేహలత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె పిడికిట్లో ఊదారంగు పూల బొమ్మ ఉన్న చిన్న సీసా బిచ్చయ్య కంటపడింది. ఆమె అతన్ని ఆటో చాటుకు పిలిచింది.

"లావెండర్ నూనె, మామా. వాసనకు కుక్కలకు భయం తగ్గుతదని ఫోన్ల చూసిన. గుడ్డకు రెండు చుక్కలేసి కట్టిన. నాయినకు తెలిస్తే కుక్కతోటి నన్ను గూడ ధారూర్ తోలిస్తడు."

"మరి తగ్గిందా?"

"తుమ్ముతున్నడు."

బిచ్చయ్య తన నోటికి తాళం వేసుకున్నాడు. అవతల నర్సప్ప పథకం వేస్తున్నాడు. రెండింటికి బండ పేలగానే గ్యాంగు మంద మీద పడుతుందట. ఆయన గొంగడి కప్పుకుని, గొర్రె వేషంలో, గొర్ల నడుమ మాటు వేస్తాడట.

"గొర్లు ఉరుకుతయి," అన్నాడు అంజిలయ్య. "కొత్త వాసన తగిలితే నిలబడవు."

"మరి తల్లి సచ్చిన పిల్లను ఇంకో గొర్రె కాడికి ఎట్ల చేరుస్తవు?" అన్నాడు నర్సప్ప.

"ఆ గొర్రె పాలు, ఉచ్చ పిల్లకు రాస్త. తన పిల్లే అనుకుంటది."

నర్సప్ప కళ్లద్దాలు తీసి బిచ్చయ్య చేతికిచ్చాడు. చొక్కా విప్పాడు.

"రాయి," అన్నాడు.

అంజిలయ్య తన జన్మలో ఎన్నో పిల్లలకు రాశాడు గానీ, మీసాలున్న పిల్లకు రాయడం అదే మొదలు. రాసి, పైన తన పాత గొంగడి కప్పాడు. నర్సప్ప నాలుగు కాళ్ల మీద మందలోకి వెళ్లాడు. గొర్లు ఒకసారి మూతి పెట్టి చూసి, మళ్లీ మేతలో పడ్డాయి. పోలీసుల ముందు ఎన్నడూ దొరకని గౌరవం ఆయనకు అక్కడ దొరికింది.

రెండయింది. క్వారీలో బండ పేలింది. నేల అదిరింది.

నర్సప్ప నోరు మెదపలేదు. వీరుడు. గొంగడి మాత్రం గాలి లేకుండానే గడగడా ఊగింది.

కర్రోడు అలవాటు చొప్పున ఇంటి మంచం వైపు పరుగందుకున్నాడు. నాలుగు అంగలు వేసి ఆగాడు. వెనక్కి చూశాడు. మంద మధ్యలో ఏదో వణుకుతోంది. దగ్గరికొచ్చి మూతి పెట్టాడు. తల్లి గొర్రె వాసన, ముసుగు కింద ఏడుపు మొహం. ఇంకేం కావాలి? ఆ పెద్ద పిల్ల మీద నిండుగా పడుకుని, తల ఎత్తి నాలుగు దిక్కులూ చూడసాగాడు.

రెండో బండ పేలింది. కర్రోడి చెవులు వెనక్కి వాలాయి. లేవలేదు.

"బిచ్చయ్యా," గొంగడి లోపల్నుంచి వినబడింది. "దొంగ నా మీద పడ్డడు. పట్టుకో."

"దొంగ తోక ఊపుతున్నడే."

"మారువేషం. మోసపోకు."

నర్సప్ప పాకి పారిపోబోయాడు. కర్రోడు గుర్రుమని గొంగడి అంచు పట్టి లాగి, తప్పిపోయే పిల్లను కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాడు. అలా అరగంట.

అంజిలయ్య కర్రకు గడ్డం ఆనించి చూస్తున్నాడు. "భయం పోలే వీనికి," అన్నాడు మెల్లగా. "వీనికంటె ఎక్కువ భయపడెటోడు పక్కన ఉండాలె, గంతే."

స్నేహలతకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సీసా తీసి తండ్రి ముందు పెట్టింది. అంజిలయ్య మూత తీసి వాసన చూసి, రెండుసార్లు తుమ్మాడు.

"దీనికంటె గొంగడి వాసన నయం కాదా బిడ్డా?" అన్నాడు. అంతకు మించి తిట్టలేదు.

మర్నాటి నుంచి రెండింటికి ముందు ఒక తల్లిలేని గొర్రెపిల్లను కర్రోడి దగ్గర వదిలారు. ఆదివారం మల్లేశ్వర్ తాడు పట్టుకుని వచ్చాడు. బండ పేలింది. పిల్ల చుట్టూ చుట్టుకుని పడుకున్న కర్రోణ్ణి చూశాడు, తాడు భుజాన వేసుకున్నాడు. స్నేహలత వడ్డించగా తిని, ఒట్టి చేతులతో రైలెక్కాడు. ఆ పూట స్నేహలత కూడా మేనమామతో పాటు కంచం ముందు కూర్చుంది.

లావెండర్ సీసా వృథా కాలేదు. ఆ పసుపు గుడ్డ ఇప్పుడు నర్సప్ప మెడలో ఉంది. టపాకాయ పేలినా పెద్దగా ఉలిక్కిపడటం లేదని బిచ్చయ్య సాక్ష్యం. కేసు తానే తేల్చానని నర్సప్ప అందరికీ చెప్పుకుంటున్నాడు, కాదనడానికి బిచ్చయ్యకు కూడా నోరు రావడం లేదు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. బండ పేలినప్పుడు నర్సప్ప నోరు మెదపలేదని రాశాను చూడండి, అది. నిజానికి "ఓ అవ్వా" అని పెడబొబ్బ పెట్టాడు. మందలోంచి ఒక ముసలి గొర్రె "మే" అని పలికింది. అది మాత్రం కల్పన కాదు. ఆయన ఒంటికి రాసింది దాని పాలే.