మంత్రిగారి మడత నిచ్చెన

ఇకపై ప్రభుత్వ కర్మాగారంలో ఏ వస్తువు డిజైనైనా నెల తిరక్కుండా పూర్తవుతుందని పరిశ్రమల మంత్రిగారు ప్రకటించారు. అప్పటికి మడత నిచ్చెన ఒక్కటే రెండేళ్ళుగా నలుగుతోంది. దాన్ని గీస్తున్న డిజైనరు కూడా అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. ఆ ప్రకటన తన గురించేనని కొట్టాక గానీ తట్టలేదు పాపం.

మర్నాడే మంత్రిగారు డిజైను గదికి స్వయంగా విచ్చేశారు. అంత పెద్దమనిషి డ్రాయింగు బల్ల మీద మోచెయ్యి ఆనించి మాట్లాడుతుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

"ఆలస్యం ఎక్కడవుతోందయ్యా?"

"పరీక్షలో సార్. బరువు పెట్టగానే కీలు జారిపోతోంది. మళ్ళీ గీస్తున్నాం, మళ్ళీ జారుతోంది."

"పరీక్ష పెట్టకపోతే?"

"జారదు సార్. అంటే... అప్పటికి జారదు."

"చూశావా! తప్పంతా పరీక్షలో పెట్టుకుని నిచ్చెనని ఆడిపోసుకుంటున్నారు."

ఆ సాయంత్రమే పరీక్షల విభాగానికి తాళం పడింది. వారం తిరిగేసరికి నిచ్చెన తయారు. పత్రికలు మంత్రిగారిని ఆకాశానికెత్తాయి. డిజైనరుకి మాత్రం అన్నం సయించడం లేదు. మొదటి నిచ్చెన ఎవరైనా ఎలక్ట్రీషియనుకి బహూకరించాలన్నారు. డిజైనరు భార్య పట్టుబట్టి, ఎలక్ట్రీషియనైన తన తమ్ముడి పేరు రాయించింది.

బహూకరణ సభలో ఎత్తున కట్టిన బోర్డు మీది తెర తీయడానికి మంత్రిగారు నిచ్చెనెక్కాలి. మొదటి మెట్టు మీద పాదం మోపి, వంగి, డిజైనరు చెవిలో అడిగారు.

"పరీక్ష చేశారు కదా?"

"తమరే వద్దన్నారు కదండీ."

పాదం వెనక్కొచ్చింది. మంత్రిగారు మైకందుకుని, "ఈ గౌరవం నాది కాదు, కార్మికుడిది!" అంటూ డిజైనరు బావమరిదిని ముందుకు నెట్టారు.

వాడు ఉబ్బితబ్బిబ్బైపోయి, "ఎక్కేదా బావా?" అన్నాడు.

డిజైనరుకి ఉద్యోగం కళ్ళ ముందు కదిలింది. దాని వెనకే భార్య మొహం కూడా.

"ఎక్కకురా! నడుం విరుగుద్ది!" అని మైకులో పడేలా అరిచాడు.

సభంతా బిక్కచచ్చిపోయింది. మంత్రిగారు మాత్రం రెప్పయినా వాల్చలేదు. "విన్నారా? ప్రజల భద్రత మీద మా డిజైనరుకి ఎంత శ్రద్ధో!" అని అక్కడికక్కడే ప్రమోషను ప్రకటించారు.

నిచ్చెనలు అన్ని ఆఫీసులకీ వెళ్ళాయి, ఒక్కోదాని మీదా 'ఎక్కరాదు' అన్న ఎర్ర చీటీతో. చీటీ గీసిందీ మన డిజైనరే, ఒక్క పూటలో. ఆ చీటీ ఊడిపోతే ప్రజలకి ప్రమాదమని, పంపేముందు మంత్రిగారే పరీక్షల విభాగం తాళం తీయించి, ఎండలో పెట్టించి, నీళ్ళలో నానబెట్టించి జిగురుని పరీక్ష చేయించారు.

అది మొదటిసారే నెగ్గింది.