గోళ్ల మీద నిలబడ్డ ఇల్లు

గౌరీ నిలయం మూడో అంతస్తులో ఉండే సువర్చల పెంచుకునే జీడి అనే కుక్క గోళ్లు పెరిగి పెరిగి, గచ్చు తొలుచుకుని, రెండో అంతస్తులోని నూకరత్నం వంటగదిలోకి దిగాయి. పాత భవనాల్లో ఇలాంటివి మామూలే కనుక ఎవరూ కంగారుపడలేదు.

నడిచేటప్పుడు టకటకమని చప్పుడైతే గోళ్లు కత్తిరించాలని పశువైద్యుడు ముందే చెప్పాడు. ఒకసారి కత్తెర లోపలి రక్తనాళానికి తగిలి కుక్క కుయ్యోమంది. ఆనాటి నుంచి సువర్చలకు చెయ్యి ఆడలేదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంది. ఇప్పుడు జీడి నిలబడే అన్నం తింటోంది, నిలబడే నిద్రపోతోంది. దాని కాళ్లు వణకడం చూడలేక, గుండె దిటవు చేసుకుని, గోళ్లు కోసేస్తానని నూకరత్నానికి చెప్పడానికి కిందికి వెళ్లింది.

నూకరత్నం అప్పటికే ఆ గోళ్లకు గరిటెలు తగిలించుకుంది.

"మా ఇంట్లోకి వచ్చినవి మావే కదేటండీ" అంది.

తగవు పురపాలక సంఘానికి చేరింది. ఇంజనీరు విచారణకు వచ్చేసరికి గోళ్లు మొదటి అంతస్తు కూడా దాటి నేలలో పాతుకున్నాయి. ఆయన గోడల బీటలు చూశాడు. కింద దుకాణం కోసం బిల్డరు రెండు స్తంభాలు పీకించిన చోటు చూశాడు. గోళ్లను వేళ్లతో తట్టి చూసి, ఈ భవనంలో నిబంధనల ప్రకారం ఉన్నవి ఇవేనన్నాడు. వీటిని కోస్తే భవనం కూలుతుంది కనుక అనుమతి ఇవ్వలేనన్నాడు.

"దానికి నొప్పిగా ఉందండీ" అంది సువర్చల.

"స్తంభానికి నొప్పేటమ్మా" అన్నాడాయన, అర్థంకాక.

బిల్డరు ఊసు ఎవరూ ఎత్తలేదు. అపార్ట్‌మెంటు సంఘం జీడిని మెచ్చుకుంటూ తీర్మానం చేసి, మెడలో దండ వేసింది. తోక ఊపితే గోడలు అదురుతాయని, దాన్ని పేరుపెట్టి పిలవవద్దని పిల్లలకు చెప్పారు. ఇంటికొకరు వంతులవారీగా పెరుగన్నం తెచ్చి పెట్టారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు.

ఒకనాటి మధ్యాహ్నం జీడి ముందు కాలు కొంచెం ఎత్తింది. నూకరత్నం వంటగదిలో పెచ్చులూడి పులుసులో పడ్డాయి. అందరూ పైకి వచ్చారు. ఇన్నాళ్లూ ఎంత నెమ్మదిగా ఉండేదో, ఇప్పుడిలా తయారైందేమిటని నొచ్చుకున్నారు.

సువర్చల జీడి పక్కన కూర్చుని, ఆ కాలిని రెండు చేతులతో పట్టుకుంది. కాసేపు నిమిరింది. తర్వాత మెల్లగా కిందికి నొక్కి, మళ్లీ యథాస్థానంలో పెట్టింది.

"ఓర్చుకోవే తల్లీ. అందరం ఉంటున్న ఇల్లు" అంది.

జీడి ఆమె చెయ్యి నాకింది. గోడలు అదరడం ఆగాక అందరూ భోజనాలకు కిందికి దిగారు.