కాలువ దాటుతున్న అచ్చాయమ్మ

ఒక పెద్ద అడవిలో ఒక పెద్ద కంపెనీ ఉండేది. అడవి ఎంత పెద్దదో చెబుదామని ఈ కథ చెప్పేవాడు ఒకసారి కొలవబోయాడు. మూడో వాగు దగ్గర దారి తప్పి, చివరికి ఒక మేకను అడిగి ఇల్లు చేరాడు. కాబట్టి పెద్దదని నమ్మేయండి.

కంపెనీ అడవిపందులది. మూతితో నేల తవ్వి రాయి తీయడం, దాన్ని కొలిమిలో కరిగించి ఇనుము, రాగి తీయడం వాటి పని. ఎలుగుబంట్లకు తేనె గిన్నెలు, కోతులకు తాళాలు, ఏనుగులు అడక్కపోయినా ఏనుగులకు గొలుసులు చేసేవి. యజమాని పేరు భద్రప్ప. రెండు కోరలకీ రాగి తొడుగులు వేయించుకుని, నవ్వు రాకపోయినా పళ్ళికిలిస్తూ తిరిగేవాడు.

కొలిమిలో మిగిలిన తుక్కుని చిట్టెం అంటారు. ఆ చిట్టెం కడిగిన నల్లనీళ్ళు ఒక ఇరుకు కాలువలో పడి, దిగువనున్న మడుగులోకి పోయేవి. అదేమిటని ఎవరు కేసు వేసినా కంపెనీ తరఫున నిలబడేది నక్క ప్లీడరు సుబ్బలింగం.

సుబ్బలింగం న్యాయశాస్త్రం చదువుకోలేదు. ఆ మాట ముందు ఆయనే చెప్పేవాడు. "నేను చదివింది ఒకే ఒక కాగితమండీ!" అని తోక ఊపుకుంటూ నవ్వేవాడు. నిజమే. చిన్నప్పుడు గాలికి కొట్టుకొచ్చిన కాగితం ఒకటి దొరికింది. దాని మీద 'వాయిదా ఇప్పించ ప్రార్థన' అని రాసుంది. ఆ ఒక్క ముక్కతో ఆయన అడవిలోకెల్లా పెద్ద ప్లీడరయ్యాడు.

ఎలాగంటారా? నీళ్ళు పాడైపోయాయని సీతాకోకచిలుక కేసు వేసింది. రెండో వాయిదాకి ఆవిడ లేదు. కప్పలు వేశాయి. ఎండాకాలం దాకా సాగదీస్తే మట్టిలోకి దూరిపోయాయి. కుందేలు చాలా పట్టుదలగా వేసింది గానీ, ఏడో వాయిదాకి తనేం కేసు వేసిందో తనే మర్చిపోయింది.

"కేసు గెలవాల్సిన పనేముంది?" అనేవాడు సుబ్బలింగం. "ఎదుటివాడు అయిపోయేదాకా ఆగితే చాలు."

దానికి జడ్జిగారు కూడా అనుకూలమే. ఆయన అడవిదున్న. పేరు మహిషాచలం. గుట్ట మీద చదునురాతి పక్కన పడుకుని, ఏ మాట చెప్పినా కళ్ళు మూసుకుని, "ఇది నెమరు వేయాలి" అనేవారు. నెమరు అయ్యేసరికి పొద్దు వాలేది.

అలాంటి కోర్టులోకి ఒకరోజు తాబేలు అచ్చాయమ్మ వచ్చింది.

"ఏం కావాలవ్వా?" అన్నాడు బంట్రోతు చిలుక.

"మడుగు కావాలి నాయనా. నాదే, పాతదే. రెండు కాన్పులు ఆ ఒడ్డు ఇసుకలో గుడ్లు పెట్టాను. నల్లనీళ్ళు తగిలి ఒక్కటీ పిల్ల కాలేదు. మూడో కాన్పుకి నీళ్ళు తెల్లగా ఉండాలి. అంతే."

సుబ్బలింగం ఆవిణ్ణి పైనుంచి కిందికి చూశాడు. ముడతల మెడ, వణికే తల. 'ఇంకెన్నాళ్ళులే' అనుకున్నాడు. కాగితం తీశాడు. వాయిదా.

ఆ కోర్టులో ఒక పద్ధతుంది. చిలుక మూడుసార్లు పేరు పిలుస్తాడు. మూడో పిలుపుకి ఫిర్యాదీ పలక్కపోతే కేసు కొట్టేస్తారు. తాబేలు మడుగు నుంచి గుట్టెక్కి టైముకి ఎలా వస్తుందని సుబ్బలింగం ధీమా.

"అచ్చాయమ్మా! అచ్చాయమ్మా! అచ్చా..."

"ఇక్కడే ఉన్నా నాయనా," అంది పక్కనున్న రాయి.

రాయి కాదు, ఆవిడే. "వెళ్ళి రావడానికే రెండు వాయిదాలు పట్టేట్టుంది. అందుకని ఇంటికే వెళ్ళలేదు. అయినా ఇల్లు నా మీదే ఉందిగా."

అలా వానలు వచ్చాయి, వెళ్ళాయి. వాయిదా మీద వాయిదా. పద్దెనిమిదేళ్ళు గడిచాయి. సుబ్బలింగం మీసాలు నెరిశాయి. భద్రప్ప కాలం చేశాడు, కొడుకు వీరభద్రప్ప గద్దెనెక్కి తండ్రి రాగి తొడుగులే పెట్టుకున్నాడు. చిలుక స్థానంలో చిలుక కొడుకొచ్చాడు. అచ్చాయమ్మ మాత్రం నిన్న వచ్చినట్టే ఉంది.

సుబ్బలింగానికి మొదటిసారి అనుమానం వచ్చింది. మెల్లగా ఆవిడ దగ్గరకు జరిగాడు.

"అవ్వా, తప్పుగా అనుకోకు. నీ వయసెంత?"

"వచ్చే వానలకి నూటపన్నెండు."

"అంటే... చాలా పెద్దదానివి."

"నేనా? నేను మా ఇంట్లో చిన్నదాన్ని. మా అమ్మ చూస్తే నవ్వుతుంది."

"అమ్మా? మీ అమ్మ ఉందా?"

"లేకేం! నా తరఫు సాక్షి ఆవిడే. ఒకప్పుడు నీళ్ళెంత తేటగా ఉండేవో చూసిన మనిషి. బయల్దేరింది కూడా."

"ఎప్పుడు బయల్దేరింది?"

"కేసు వేసిన రోజే."

ఎదుటివాళ్ళు అయిపోయేదాకా ఆగడమే సుబ్బలింగం విద్య. ఈసారి అయిపోయేది తనే అని అప్పుడు తెలిసింది. కానీ తెలిసి మాత్రం ఏం చేస్తాడు? ఆయనకి వచ్చింది ఒక్క కాగితమే. దాన్నే కాస్త గట్టిగా వాడి, ఈసారి రెండేళ్ళ వాయిదా పుచ్చుకున్నాడు.

"రెండేళ్ళా? అయితే ఓసారి ఇంటికెళ్ళొస్తా," అంది అచ్చాయమ్మ. బయల్దేరింది.

గుట్ట దిగి మడుగుకి వెళ్ళాలంటే కంపెనీ కాలువ దాటాలి. నెల తిరిగేసరికి ఆవిడ కాలువ దాకా వచ్చింది. దిగింది. ఆ ఇరుకు కాలువకి ఆవిడ చిప్ప సీసాకి బిరడాలా సరిపోయింది.

వీరభద్రప్ప పరుగెత్తుకుంటూ సుబ్బలింగం ఇంటికొచ్చాడు. "ప్లీడరుగారూ! ఆ ముసల్ది కాలువకి అడ్డంగా కూర్చుంది! గట్టు కడుతోంది! దొర్లించేయమంటారా?"

"ముట్టుకోకండి! ముట్టుకుంటే ఫౌజుదారీ కేసవుతుంది. నేను చూసుకుంటాగా!"

వెళ్ళి ఆవిణ్ణే అడిగితే సరిపోయేది. కానీ ఎదుటి పక్షాన్ని ఏదైనా సూటిగా అడగడం ప్లీడర్ల ఆచారం కాదు. సుబ్బలింగం ఒక్క ఉరుకున గుట్టెక్కి, జీవితంలో మొదటిసారి సొంతంగా ఒక అర్జీ రాశాడు. రాస్తుంటే ఒళ్ళు పులకరించింది. ఆ చేతులే ఆ మాటలు పుట్టిస్తున్నాయా అని ఆయనే ఆశ్చర్యపోయాడు.

జడ్జిగారు కూడా ఆశ్చర్యపోయారు. వాయిదా కాని అర్జీ ఆ కోర్టులోకి రావడం అదే మొదలు. ఆ సంతోషంలో నెమరు కూడా వేయకుండా ఉత్తర్వు ఇచ్చేశారు. చిలుక కాలువ గట్టు మీద వాలి గొంతెత్తి చదివాడు:

"సదరు కాలువలో ఏది ఎక్కడుందో అది అక్కడే, ఎవరు ఎక్కడున్నారో వారు అక్కడే ఉండవలెను! తుది తీర్పు వచ్చువరకు కదలరాదు, కదపరాదు!"

పందులన్నీ గుర్రుగుర్రుమని ఆనందించాయి. సుబ్బలింగం మీసం దువ్వాడు. "విన్నావా అవ్వా? ఇక ఒక్క రాయి కూడా పేర్చడానికి వీల్లేదు."

అచ్చాయమ్మ తల బయటికి పెట్టింది. "రాళ్ళెందుకు పేరుస్తాను నాయనా? నేను కాలువ దాటుతున్నాను."

"దాటుతున్నావా?"

"సాయంత్రానికి దాటేసేదాన్ని. ఇప్పుడు కదలకూడదన్నారుగా. కోర్టు మాట కాదంటానా?" అని కాళ్ళు లోపలికి ముడిచేసింది.

నల్లనీళ్ళు బుడబుడమంటూ వెనక్కి తిరిగాయి.

సాయంత్రానికి కంపెనీ వాకిట్లోకి వచ్చాయి. మర్నాటికి గిన్నెలు తేలుతున్నాయి. మూడోరోజు పెద్ద కొలిమి సుయ్యిమని ఒక్క ఆవిరి వదిలి ఆరిపోయింది. తాళాలు మునిగాయి, గొలుసులు మునిగాయి, వీరభద్రప్ప పొట్ట దాకా మునిగి కోరల తొడుగులు ఊడదీసుకున్నాడు. అటు దిగువన మడుగు రోజురోజుకీ తేటపడింది. చేపలు ఎగిరెగిరి చూసి అచ్చాయమ్మకి కబుర్లు చెబుతుంటే, కొంగలు నాచు తెచ్చి ఆవిడ నోటికందించేవి.

"తీర్పు కావాలి! వెంటనే!" అని అరిచాడు వీరభద్రప్ప.

సుబ్బలింగం జడ్జిగారి ముందు నిలబడ్డాడు. "కేసు తొందరగా తేల్చ ప్రార్థన..."

మహిషాచలంగారు దవడ ఆపారు. "ఏమన్నారూ?"

"తొందరగా అన్నానండీ."

"ఈ మాట ఈ కోర్టులో ఎప్పుడూ వినలేదు. ఇది చాలా నెమరు వేయాలి."

నెలల తరబడి నెమరు వేసి వేసి పిలిపించారు. చిలుక మూడుసార్లు పిలిచాడు. అచ్చాయమ్మ పలకలేదు.

"మూడు పిలుపులూ అయ్యాయి, కొట్టేయండి!" అని ఎగిరాడు సుబ్బలింగం.

"ఎలా కొట్టేస్తానయ్యా? ఆవిడ రాకపోవడానికి కారణం నా ఉత్తర్వు. ఉత్తర్వుకి కారణం మీ అర్జీ. ఆవిడ కదలాలంటే తీర్పు రావాలి. తీర్పు రావాలంటే ఆవిడ కదలాలి. అబ్బా, బాగుందయ్యా!" అని జడ్జిగారు కళ్ళు మూసుకున్నారు. "ఇది ఒక ఏడాది నమలొచ్చు. వాయిదా."

సుబ్బలింగం తన మీద వాయిదా పడటం చూడటం అదే మొదటిసారి. అదెంత బరువుంటుందో వీపుకి తెలిసింది.

ప్లీడరూ, యజమానీ మోకాలి లోతు బురదలో దిగి అచ్చాయమ్మ ముందు కూర్చున్నారు.

"అవ్వా, రాజీ చేసుకుందాం. నీకేం కావాలి?"

"మొదటి రోజు చెప్పానుగా. మడుగు."

"అంటే?"

"ఈ నీళ్ళు ఇటు రాకుండా మీ వెనకాలే పెద్ద గుంట తవ్వుకుని నింపుకోండి. తవ్వడం మీకొచ్చిన పనేగా?"

వీరభద్రప్ప తన మూతి వైపు తనే చూసుకున్నాడు. ఆ ఆలోచన తండ్రికీ రాలేదు, తనకీ రాలేదు. పందులన్నీ వరసకట్టి తవ్వితే గుంట నాలుగు రోజుల్లో అయిపోయింది. కేసుకి అప్పటికి పందొమ్మిదేళ్ళు.

రాజీ కాగితం చూసి జడ్జిగారి మొహం చిన్నబోయింది. "రాజీలో నమలడానికి ఏమీ ఉండదు, మింగేయడమే," అని ముద్ర వేశారు. ఆ సాయంత్రం అచ్చాయమ్మ కాలువ దాటింది. ఆ ఎండాకాలం మడుగు ఒడ్డు ఇసుకలోంచి పదకొండు బుల్లి తలలు బయటికొచ్చాయి.

తర్వాత కొన్నేళ్ళకి సుబ్బలింగం గుట్ట మీద ఎండలో వీపు కాచుకుంటున్నాడు. పక్కన బండ కదిలింది. నాచు పట్టిన తల ఒకటి బయటికొచ్చింది.

"నాయనా, మా చిన్నదాని కేసులో సాక్ష్యం చెప్పాలి. పిలిచేశారా? ఆలస్యమైందా?"

సుబ్బలింగం ఆవిడకేసి చూశాడు. లేచి నిలబడి, రెండు ముందుకాళ్ళూ జోడించి, ఉన్న ఒక్క కాగితాన్నీ నాలుగు ముక్కలు చేసి నమిలి మింగేశాడు.

ఇందులో నీతి ఏమిటని అడిగేవారికి: కేసు సాగదీయాలనుకునేవాడు చట్టం చదవకపోయినా పర్లేదు గానీ, ఎదుటివాళ్ళ అమ్మ బతికుందో లేదో మాత్రం ముందే కనుక్కోవాలి.